భిన్న ఘాతాంకం ఉన్న సమీకరణానికి ఏ పద్ధతి: ఘాతం ఎత్తడమా, ప్రతిక్షేపణా, లాగ్ టేబులా?

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు ప్లస్ టూ చదివే తెలుగు పిల్లలకు కాలేజీలో ఒడియా మాస్టారు ఒక పద్ధతి చూపిస్తారు. ఇచ్ఛాపురమో పార్వతీపురమో వెళ్లి ట్యూషన్‌లో కూర్చుంటే అదే లెక్కకు ఇంకో పద్ధతి చెబుతారు. సిరొంచ, బల్లార్షాల్లో ఒక చేతిలో మరాఠీ పాఠ్యపుస్తకం, ఇంకో చేతిలో మంచిర్యాల చుట్టాలు పంపిన ఇంటర్ మెటీరియల్. మామూలు వర్గ సమీకరణానికైతే ఏ దారిన పోయినా జవాబు ఒకటే. భిన్న ఘాతాంకం వచ్చేసరికి ఆ ధీమా పనికిరాదు. ఒక పద్ధతిలో 27 ఒక్కటే వస్తే, ఇంకోదాంట్లో −27 కూడా వస్తుంది. ఒకచోట 9 వస్తే, ఇంకోచోట 9తోపాటు 4 కూడా వచ్చి కూర్చుంటుంది. కూడికలు తీసివేతల్లో తప్పేమీ ఉండదు. కొన్ని పద్ధతులు అసలు జవాబును జారవిడుస్తాయి, కొన్ని లేని జవాబును పట్టుకొస్తాయి.

మా సలహా ముందే చెప్పేస్తాం. భిన్న ఘాతం ఉన్న పదం ఒక్కటే ఉంటే దాన్ని ఒంటరిని చేసి రెండు వైపులా ఘాతం ఎత్తండి. ఒకే ఆధారం మీద రెండు మూడు భిన్న ఘాతాలుంటే ప్రతిక్షేపణకే వెళ్లండి, వర్గం చేయడం మొదలుపెట్టొద్దు. వేర్వేరు ఆధారాల మీద రెండు మూలాలుంటే రెండు చరరాశులు పెట్టుకోండి. అంకెలు చక్కగా తేలకపోతే లాగ్. అదీ కుదరనప్పుడే న్యూటన్ పద్ధతి (ఒక ఉజ్జాయింపు విలువతో మొదలుపెట్టి దాన్ని మెట్టుమెట్టుగా సవరించుకోవడం).

రాత గురించి ఒక మాట. తెలియని రాశిని ఇక్కడ య అని రాస్తున్నాం (మీ పుస్తకంలో అది ఎక్స్, భాస్కరాచార్యుడి బీజగణితంలో యా). ప్రతిక్షేపణకు ప, క వాడతాం. య^(2/3) అంటే య మీద ఘాతం మూడింట రెండు, అంటే య ఘనమూలానికి వర్గం. మరాఠీ పుస్తకం నుంచి ఎక్కించుకునేవాళ్లు చిన్న అచ్చులో ఉన్న ఒకటి అంకెను జాగ్రత్తగా చూడండి, అది మనం రాసే 9లా ఉంటుంది. 1/3 కాస్తా 9/3 అయితే ఘాతం 3 అయిపోతుంది, భిన్నమే మాయమవుతుంది.

ముందు లవం, హారం చూడాలి

పద్ధతి ఎంచుకోకముందే చేయాల్సిన పని ఇది. ఘాతాన్ని కనిష్ఠ రూపంలో రాసి, హారం సరిసంఖ్యా బేసి సంఖ్యా, లవం సరిసంఖ్యా బేసి సంఖ్యా చూసుకోండి. ఘాతం ధనాత్మకం అనుకుందాం.

హారం సరిసంఖ్య అయితే (1/2, 3/2, 3/4 లాంటివి) లోపలి రాశి రుణాత్మకం కాకూడదు, వచ్చే విలువా రుణాత్మకం కాదు. కాబట్టి య^(3/2) = 27కు సాధన 9 ఒక్కటే. య^(3/2) = −8కు సాధన లేదు. కానీ కళ్లు మూసుకుని రెండు వైపులా 2/3 ఘాతం ఎత్తితే కుడివైపు (−8)^(2/3) = 4 వచ్చేస్తుంది. 4ను వెనక్కి పెట్టి చూడండి: 4^(3/2) = 8, −8 కాదు.

హారమూ లవమూ రెండూ బేసి అయితే (1/3, 3/5, 5/3) ఏ విలువకైనా ఒకే ఒక్క సాధన ఉంటుంది. య^(3/5) = −8 అంటే య = (−8)^(5/3) = −32. ఇక్కడ భయపడాల్సింది ఏమీ లేదు.

హారం బేసి, లవం సరి (2/3, 4/3, 2/5) అయినప్పుడే మార్కులు ఎక్కువగా పోతాయి. కుడివైపు ధనాత్మకమైతే రెండు సాధనలు, సున్నా అయితే ఒకటి, రుణాత్మకమైతే ఏమీ లేవు. య^(2/3) = 9కు 27, −27 రెండూ సరిపోతాయి. ఎందుకంటే ఘనమూలం 3 అయినా −3 అయినా దాని వర్గం 9. య^(2/3) మీద 3/2 ఘాతం ఎత్తితే వచ్చేది య కాదు, య పరమమూల్యం. 'ఘాతాలు కొట్టేసుకున్నాయి' అని య రాసేయడంతోనే ఆ −27 జారిపోతుంది.

కనిష్ఠ రూపం అని ఊరికే అనలేదు. 2/6ను అలాగే ఉంచి −8ని ముందు వర్గం చేసి తర్వాత ఆరో మూలం తీస్తే 2 వస్తుంది. 1/3గా కుదించి ఘనమూలం తీస్తే −2. ఈ గొడవ రాకూడదనే ఎన్‌సీఈఆర్‌టీ 9వ తరగతి పుస్తకం భిన్న ఘాతాన్ని ఆధారం ధనాత్మకంగా ఉన్నప్పుడే నిర్వచించి, లవహారాలకు ఉమ్మడి కారణాంకం ఉండకూడదని కూడా చెప్పింది. ఆ నిర్వచనాన్నే పట్టుకుంటే య^(2/3) = 9కు 27 ఒక్కటే జవాబు. మరి పరీక్షలో ఏం రాయాలి? ప్రశ్నలో 'య > 0' అని ఉంటే 27 చాలు. 'వాస్తవ సాధనలు' అని ఉన్నా, ఘనమూలం గుర్తుతో ఇచ్చినా రెండూ రాయాలి. ఏమీ చెప్పకపోతే రెండూ రాసి, పక్కన 'య వాస్తవ సంఖ్య' అని ఒక ముక్క పెట్టండి. అలా రాస్తే మీరు ఏ నిర్వచనంతో లెక్క చేశారో దిద్దేవారికి తెలుస్తుంది.

ఘాతం ఎత్తడం: ఒక్క పదం ఉన్నప్పుడు దీనికి సాటి లేదు

3(య + 1)^(3/4) − 5 = 19 తీసుకోండి. 5ను అవతలికి పంపి 3తో భాగిస్తే (య + 1)^(3/4) = 8. విలోమ ఘాతం 4/3 ఎత్తితే య + 1 = 16, య = 15. ఇంతే. దీనికి ప్రతిక్షేపణ చేయడం దండగ.

ఇక్కడ తరచుగా జరిగే పొరపాటు పదాన్ని ఒంటరిని చేయకుండానే ఘాతం ఎత్తడం. ఎడమవైపు −5 ఉండగానే 4/3 ఎత్తి, ఘాతాన్ని పదానికొకటి చొప్పున పంచేస్తారు. కూడిక మీద ఘాతం పంచుకోదు. (9 + 16)^(1/2) విలువ 5. 3 + 4 కాదు.

లవం సరిసంఖ్య అయితే ± గుర్తును విలోమ ఘాతం ఎత్తిన అదే వరుసలో రాయండి, చివర్లో గుర్తుచేసుకుందాం అనుకోవద్దు. (2య − 5)^(2/3) = 16 అయితే 2య − 5 = ±64. అక్కడి నుంచి య = 69/2 లేదా −59/2. చివర్లో ± తగిలించేవాళ్లు 34.5 వచ్చాక దానికే ± పెట్టి −34.5 రాస్తారు. అది తప్పు. గుర్తు బ్రాకెట్ మొత్తానికి చెందుతుంది, య ఒక్కదానికి కాదు.

ప్రతిక్షేపణ: రెండో పదం కనబడితే ఇదే

ఒకే లెక్కను రెండు విధాలా చేసి చూద్దాం.

య − య^(1/2) − 6 = 0

వర్గం చేసే దారి: య − 6 = య^(1/2). రెండు వైపులా వర్గం చేస్తే య² − 13య + 36 = 0, అంటే య = 9 లేదా 4. 4ను అసలు సమీకరణంలో పెడితే 4 − 2 − 6 = −4, సున్నా కాదు. కాబట్టి 4 దొంగ సాధన, మిగిలింది 9.

ప్రతిక్షేపణ దారి: ప = య^(1/2), పక్కనే ప ≥ 0 అని రాసుకుంటాం. ప² − ప − 6 = 0, ప = 3 లేదా −2. −2 అక్కడికక్కడే కొట్టేస్తాం. య = 9.

జవాబు ఒకటే. కానీ మొదటి దారిలో దొంగ ఎవరో తెలియాలంటే చివరిదాకా వెళ్లి వెనక్కి పెట్టి చూడాలి. రెండో దారిలో వాడు మధ్యలోనే దొరికిపోతాడు, పైగా ఎందుకు పనికిరాడో కారణం కాగితం మీదే ఉంటుంది. మార్కులు మెట్టుమెట్టుకూ వేసే రాత పరీక్షలో ఇది చిన్న లాభం కాదు.

అయితే −2 వచ్చిందని అలవాటుగా కొట్టేయకండి. య^(2/3) − య^(1/3) − 6 = 0లో కూడా ప = 3, −2 అనే వస్తాయి. ఇక్కడ ప ఘనమూలం. ఘనమూలం రుణాత్మకం కావచ్చు. రెండూ నిలబడతాయి: య = 27, −8. −8 పెట్టి చూడండి: 4 + 2 − 6 = 0. ప్రశ్నాపత్రాల్లో ఈ రెండు లెక్కలనూ పక్కపక్కన ఇవ్వడం మాస్టార్లకు ఇష్టం. మొదటిదాంట్లో కొట్టేసిన చెయ్యి రెండోదాంట్లోనూ కొట్టేస్తుందని వాళ్లకు తెలుసు.

దేన్ని ప అనుకోవాలి అన్నదానికి ఒక నియమం: హారాల కనిష్ఠ సామాన్య గుణిజం తీసుకుని, 1 బై ఆ సంఖ్యను ఘాతంగా పెట్టండి. య^(1/2) + య^(1/3) = 12లో హారాలు 2, 3, కాబట్టి ప = య^(1/6). అప్పుడు ప³ + ప² − 12 = 0. ప = 2 సరిపోతుంది, మిగతా కారణాంకం ప² + 3ప + 6కు వాస్తవ మూలాల్లేవు. య = 2⁶ = 64. ఇదే లెక్కను వర్గం చేసి మొదలుపెడితే మధ్యలో య^(2/3), య^(1/3), య మూడూ ఒకేసారి ఎదురై, మళ్లీ ప్రతిక్షేపణ దగ్గరికే రావాలి.

లవాన్ని కూడా ప లోపలికి లాగితే చిక్కు వస్తుంది. య^(4/3) − 5య^(2/3) + 4 = 0లో చాలామంది ప = య^(2/3) అంటారు. తప్పేమీ కాదు, ప = 1, 4 వస్తాయి. ఆ తర్వాత య = 1, 8 అని రాసి ముగిస్తారు. ప = య^(1/3) పెట్టి ఉంటే ప⁴ − 5ప² + 4 = 0 వచ్చి, ప = ±1, ±2 అని నాలుగూ కళ్లముందు ఉండేవి. య = 1, −1, 8, −8. ఒక ఘాతం పెద్దదైనా సరే, 1/3 పెట్టడమే మేలని మా అభిప్రాయం.

రుణ ఘాతాలూ ఇదే దారిలో లొంగుతాయి. య^(1/2) + 6య^(−1/2) = 5 అంటే ప + 6/ప = 5, ప = 2, 3; య = 4, 9. రెండూ సరైనవే. య సున్నా కాకూడదని మాత్రం మొదట్లోనే రాయాలి.

వేర్వేరు ఆధారాల మీద రెండు మూలాలు

ఇక్కడ అలవాటు పద్ధతికీ మంచి పద్ధతికీ తేడా బాగా తెలుస్తుంది.

(2య + 3)^(1/2) − (య + 1)^(1/2) = 1

అలవాటు పద్ధతి: ఒక మూలాన్ని అవతలికి పంపి వర్గం చేస్తే 2య + 3 = య + 2 + 2(య + 1)^(1/2), అంటే య + 1 = 2(య + 1)^(1/2). ఇక్కడ తొందరపడి రెండు వైపులా (య + 1)^(1/2)తో భాగిస్తే అది 2 అని తేలి య = 3 ఒక్కటే వస్తుంది. భాగించేది సున్నా కావచ్చన్న సంగతి మరిచిపోయినందుకు −1 పోయింది. భాగించకుండా మళ్లీ వర్గం చేస్తే రెండూ వస్తాయి.

రెండు చరరాశుల పద్ధతి: ప = (2య + 3)^(1/2), క = (య + 1)^(1/2). ప − క = 1. లోపలి రాశుల నుంచి యను తొలగించాలి: ప² − 2క² = (2య + 3) − 2(య + 1) = 1. ప = 1 + క పెడితే 2క − క² = 0, క = 0 లేదా 2. య = −1 లేదా 3. రెండూ నిజమైనవే. భాగించాల్సిన అవసరమే రాలేదు గనక ఏదీ జారలేదు.

ఘనమూలాల విషయంలో ఈ పద్ధతి ఇంకా విలువైనది. 'వర్గం చేస్తే దొంగ సాధనలు వస్తాయి, ఘనం చేస్తే రావు' అని అందరూ చెప్పే మాట. ఘనం చేయడం వరకూ అది నిజమే. కానీ ఘనమూలాల మొత్తాన్ని ఘనం చేసేటప్పుడు మనం ఇంకో పని కూడా చేస్తాం, దొంగ అక్కడ దూరతాడు.

(2య − 1)^(1/3) + (య − 1)^(1/3) = 1

ఘనం చేస్తే (2య − 1) + (య − 1) + 3 × (మూలాల లబ్ధం) × (మూలాల మొత్తం) = 1. అందరూ ఇక్కడ 'మూలాల మొత్తం 1 అని ప్రశ్నలోనే ఉంది కదా' అని దాని చోట 1 పెడతారు. అప్పుడు లబ్ధం = 1 − య. మళ్లీ ఘనం చేస్తే (2య − 1)(య − 1) = (1 − య)³. అన్నీ ఒకవైపు తెచ్చి (య − 1)ను బయటికి తీస్తే (య − 1)య² = 0. య = 1 లేదా 0.

0 పెట్టి చూడండి: −1 + (−1) = −2, 1 కాదు. దొంగ.

ఎక్కడి నుంచి వచ్చాడు? మొత్తం చోట 1 పెట్టిన వరుస నుంచి. సమీకరణం నిజమైతే ఆ వరుస నిజమే, కానీ ఆ వరుస నిజమైనంత మాత్రాన సమీకరణం నిజం కానక్కర్లేదు. రెండు మూలాలు మొత్తంగా 1 అయినప్పుడు ఆ వరుస సరిపోతుంది, రెండూ విడివిడిగా −1 అయినప్పుడు కూడా సరిపోతుంది. మూడు ఘనాల మొత్తపు సూత్రంలో ఉండే రెండో కారణాంకం అప్పుడు సున్నా అవుతుంది. య = 0 దగ్గర రెండు మూలాలూ సరిగ్గా −1.

ఇదే లెక్క రెండు చరరాశులతో: ప + క = 1, ప³ − 2క³ = 1. ప = 1 − క పెట్టి సర్దితే క(క² − క + 1) = 0. బ్రాకెట్‌లోని వర్గానికి వాస్తవ మూలాల్లేవు. క = 0, య = 1. దొంగ అడుగే పెట్టలేదు.

అలాగని ఘనం చేసే దారిని పూర్తిగా తోసిపుచ్చనక్కర్లేదు. లోపలి రాశుల మొత్తంలో య కొట్టేసుకుపోతే అదే వేగంగా అవుతుంది. (య + 1)^(1/3) + (8 − య)^(1/3) = 3లో ఘనాల మొత్తం 9. 9 + 9 × లబ్ధం = 27, లబ్ధం 2. (య + 1)(8 − య) = 8, అంటే 7య − య² = 0, య = 0, 7. రెండూ పెట్టి చూస్తే 1 + 2, 2 + 1. ఇలాంటిది కనబడితే ఘనం చేయండి, కానీ వెనక్కి పెట్టి చూడకుండా వదలొద్దు.

భాగించడమా, బయటికి తీయడమా

ఇది చిన్న విషయమే. య^(5/3) = 4య చూడగానే యతో భాగించాలనిపిస్తుంది. భాగిస్తే 8, −8 మిగిలి 0 పోతుంది. అన్నీ ఒకవైపు తెచ్చి య(య^(2/3) − 4) = 0 అని రాస్తే మూడూ ఉంటాయి.

ఘాతాలు ఒకదానికొకటి 1 తేడాతో ఉంటే అన్నిటికన్నా చిన్న ఘాతాన్ని బయటికి తీయండి, ప్రతిక్షేపణ కూడా వద్దు. య^(3/2) − 5య^(1/2) + 6య^(−1/2) = 0లో య^(−1/2) బయటికి తీస్తే లోపల య² − 5య + 6, జవాబులు 2, 3. ప్లస్ టూ రెండో సంవత్సరంలో గరిష్ఠ కనిష్ఠాల లెక్కల్లో ఇది రోజూ అవసరపడుతుంది. య^(2/3)(య − 5)ని అవకలనం చేస్తే (5/3)య^(−1/3)(య − 2) వస్తుంది. అవకలజం 2 దగ్గర సున్నా. 0 ఈ సమీకరణానికి సాధన కాదు, కానీ అక్కడ అవకలజమే లేదు కాబట్టి సందిగ్ధ బిందువుల (గరిష్ఠ కనిష్ఠాలు రాగల బిందువుల) జాబితాలో దాన్నీ చేర్చాలి. బయటికి తీసి రాస్తేనే ఆ రుణ ఘాతం కనబడి 0 గుర్తొస్తుంది.

లాగ్ టేబుల్: అంకెలు మొండికేసినప్పుడు

మహారాష్ట్ర హెచ్ఎస్‌సీ (12వ తరగతి) పరీక్షలో కాలిక్యులేటర్ కూడదు, లాగ్ టేబుల్ వాడొచ్చు. సిరొంచ, చంద్రపూర్ పిల్లలకు అందువల్ల ఇది చేతిలో పని కావాలి. ఇటు పాలిటెక్నిక్‌లో సివిల్ చదివేవాళ్లకు నీటి లెక్కల్లో 3/2 ఘాతం తప్పదు.

దీర్ఘచతురస్రాకారపు నాచ్ (నీటి ప్రవాహం కొలవడానికి అడ్డుగోడలో వదిలే గండి) మీదుగా పారే నీటికి ఫ్రాన్సిస్ సూత్రం, అంచుల కుదింపు వదిలేస్తే: ప్రవాహం = 1.84 × వెడల్పు × ఎత్తు^(3/2). కొలతలు మీటర్లలో, ప్రవాహం సెకనుకు ఘనమీటర్లలో. వంశధారలోకి దిగే ఒక వాగు మీద 2 మీటర్ల వెడల్పు నాచ్ పెట్టారనీ, సెకనుకు 0.46 ఘనమీటర్లు పోతోందనీ అనుకుందాం. ఎత్తు^(3/2) = 0.46 ÷ 3.68 = 0.125. ఎత్తు = 0.125^(2/3).

0.125 అంటే సగం ఘనం అని గుర్తుపడితే సగం వర్గం 0.25, పని అయిపోయింది. గుర్తుపట్టకపోతే లాగ్. 0.125 లాగ్ బార్ 1.0969. 2తో గుణిస్తే బార్ 2.1938. ఇప్పుడు 3తో భాగించాలి, తప్పులన్నీ ఇక్కడే. బార్ కింద ఉన్న 2 మాత్రమే రుణం, దశాంశ భాగం ధనం. దాన్ని మొత్తంగా −2.1938 అనుకుని భాగిస్తే −0.7313 వచ్చి ఎత్తు 0.186 అని తేలుతుంది. సరైన దారి: −2ను 3తో భాగం పోయేలా −3 చేసి, తీసేసిన 1ని దశాంశ భాగానికి కలపాలి: −3 + 1.1938. 3తో భాగిస్తే బార్ 1.3979. యాంటీలాగ్ 0.25 మీటర్లు.

ఇంకో తప్పు ప్రమాణాల్లో. ఆ 1.84 మీటర్లకే. అడుగుల్లో కొలిస్తే 3.33 వాడాలి. సెంటీమీటర్లలో ఎత్తు పెట్టి 1.84తో గుణిస్తే, భిన్న ఘాతం వల్ల జవాబు వంద రెట్లు కాదు, వెయ్యి రెట్లు తప్పుతుంది.

సంఖ్య 1 కన్నా పెద్దదైతే బార్ బెడద లేదు. కెప్లర్ 1619లో ప్రచురించిన మూడో నియమం ప్రకారం గ్రహం సగటు దూరం = కాలం^(2/3), దూరం భూమి–సూర్యుల దూరాల్లో, కాలం సంవత్సరాల్లో. గురుగ్రహానికి 11.86 సంవత్సరాలు. లాగ్ 1.0741, రెండింతలు 2.1482, మూడో వంతు 0.7161, యాంటీలాగ్ 5.20.

లాగ్‌కు ఒక లోపం ఉంది: రుణ సంఖ్యలు దానికి తెలియవు. య^(2/3) = 5ను లాగ్‌తో చేస్తే 11.18 వస్తుంది, −11.18 ఎన్నటికీ రాదు. లవహారాల పరీక్ష ముందే చేసి ఉంటే దాన్ని మీరే చేర్చుకుంటారు. కూడిక ఉన్న సమీకరణాలకు లాగ్ పనికిరాదని వేరే చెప్పక్కర్లేదు.

ఏ కారణాంకమూ దొరకనప్పుడు

య^(2/3) + య^(1/2) = 10. ప = య^(1/6) పెడితే ప⁴ + ప³ = 10. అకరణీయ మూలం (భిన్నంగా రాయగల మూలం) లేదు. అయినా ప్రతిక్షేపణ వృథా కాదు. న్యూటన్ పద్ధతిని య మీద కన్నా ప మీద నడపడం చాలా సులువు, ఘాతాలన్నీ పూర్ణాంకాలు కాబట్టి. ప = 1.6తో మొదలుపెడితే ఎడమవైపు 10.6496, ఎక్కువ 0.6496. అవకలజం 4ప³ + 3ప² విలువ 24.064. 0.6496ను దాంతో భాగించి తీసేస్తే 1.573. ఇంకోసారి చేస్తే 1.57237. ఆరో ఘాతం తీస్తే య సుమారు 15.11. రెండే అడుగులు. ప ≥ 0 పరిధిలో ఎడమవైపు పెరుగుతూనే పోతుంది గనక ఇంకో సాధన ఉంటుందన్న దిగులు కూడా లేదు.

యంత్రాన్ని నమ్మేవాళ్లకు ఒక హెచ్చరిక. పైథాన్‌లో −8ని బ్రాకెట్‌లో పెట్టి 1/3 ఘాతం అడిగితే −2 రాదు. 1, దాని పక్కన 1.732 ఊహాత్మక భాగంతో ఒక సంకీర్ణ సంఖ్య వస్తుంది. −8కి ఉన్న మూడు ఘనమూలాల్లో అది ప్రధానమైనదాన్ని ఎంచుకుంటుంది. కొన్ని కాలిక్యులేటర్లు అసలు ఎర్రర్ చూపిస్తాయి. గ్రాఫ్ గీసే సాఫ్ట్‌వేర్ కొన్నింట్లో య^(2/3) గ్రాఫ్ కుడి సగమే కనబడేదీ ఇందుకే. అప్పుడు ముందు య² తీసుకుని తర్వాత 1/3 ఘాతం ఇవ్వండి, రెండో సగం కూడా వస్తుంది. బ్రాకెట్ పెట్టకుండా −8^(2/3) కొడితే అది 8కి ఘాతం తీసి చివర్లో మైనస్ తగిలించి −4 చూపిస్తుంది. మీకు కావాల్సింది 4.

పరీక్షను బట్టి

ఒడిశాలో బీటెక్ సీటు ఎక్కువగా జేఈఈ మెయిన్ మీదే కాబట్టి ప్లస్ టూ రాత పరీక్షకూ దానికీ ఒకేసారి సిద్ధం కావాలి. రాత పరీక్షలో ప్రతిక్షేపణే రాయండి, ప మీద నిబంధన రాసిన వరుసకు విలువ ఉంటుంది. జేఈఈలో నాలుగు ఆప్షన్లూ ఇచ్చినప్పుడు వాటినే సమీకరణంలో పెట్టి చూడటం చాలాసార్లు త్వరగా తేలుతుంది. తప్పుకు ఒక మార్కు పోతుంది గనక వర్గం చేసి వచ్చిన మొదటి అంకెనే ఆప్షన్లలో వెతుక్కోవద్దు, దొంగ సాధనను ఆప్షన్లలో కావాలనే పెడతారు. మహారాష్ట్ర ప్రవేశ పరీక్ష ఎంహెచ్‌టీ సెట్‌లో తప్పుకు కోత లేదు, లెక్కకు రెండు మార్కులు. అక్కడ సందేహం ఉన్నా ఒకటి గుర్తుపెట్టి రావచ్చు.

ఆప్షన్లు పెట్టి చూసే ఉపాయం ఒక రకం ప్రశ్నకు మాత్రం చెల్లదు: 'ఎన్ని వాస్తవ సాధనలున్నాయి?' అని అడిగితే. అక్కడ ప = య^(1/3) లేదా య^(1/6) పెట్టి, ఒక్కో ప విలువ పక్కన దానికి యలు ఎన్నో రాసి, చివర్లో కూడాలి.